మూడు ఊళ్ళకు పంచిన ఒళ్ళు

నా ఉద్యోగమంతా నా రెండు అరచేతులే. రేపల్లెలో ఒక రైసు మిల్లుకి ధాన్యం చూసి కొనే పని నాది. రైతు మచ్చు తెస్తాడు. గుప్పెడు గింజలు ఎడమ అరచేతిలో పోసుకొని, కుడి అరచేయి వాటి మీద ఆనించి గట్టిగా నలుపుతాను. ఊక విడిపోతుంది. ఒక్క ఊదు ఊదితే చేతిలో బియ్యం మిగులుతాయి. తేమెంత ఉంది, తాలెంత ఉంది, మరలో పోస్తే ఎంత నూకవుతుంది, అన్నీ ఆ నలపడంలోనే తెలిసిపోతాయి. తేమ చూసే మిషను కూడా మిల్లులో ఉంది. మా ఓనరుగారు దాని మీద కళ్ళజోడు పెట్టుకుంటారు.

చూడటం అయ్యాక రెండు గింజలు నోట్లో వేసుకొని కొరికి, మిగతావి రైతు సంచిలోనే పోసేయడం మా దగ్గర పద్ధతి. తినే గింజని నేలపాలు చేయరు.

ఈ చేతులు పోతే మిల్లులో నాకు పని లేదు. ఇంకో పని నాకు రాదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నా జబ్బుల కథంతా ఈ చేతులు నిలుస్తాయా పోతాయా అన్న భయం చుట్టూనే తిరిగింది. మిగతా భయాలు నాకు పెద్దగా లేవు. ఉన్నా ఒప్పుకోను.

మొదట మోచేతుల మీద వచ్చింది. ఎర్రగా బిళ్ళ కట్టి, పైన తెల్లటి పొట్టు. గోకితే రాలుతుంది, మళ్ళీ వస్తుంది. మా ఆవిడ చూసి, "వేడి చేసిందేమోనండి" అని నెల రోజులు వంకాయ, గోంగూర మాన్పించింది. బిళ్ళలు మోకాళ్ళకీ నెత్తికీ కూడా వచ్చాయి. నాకు గోంగూర పోయింది గానీ అవి మాత్రం పోలేదు.

రేపల్లెలో చూపించుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. చర్మం డాక్టరు గుమ్మంలో పొద్దున కూర్చుంటే, నాకు ఏం జబ్బో నాకంటే ముందు సాయంత్రానికి బజారుకి తెలిసిపోతుంది. అందుకని రైలెక్కి తెనాలి వెళ్ళాను. అక్కడి డాక్టరు నిమిషంలో చెప్పేశారు. సోరియాసిస్ అన్నారు. అంటుకునేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు, అదుపులో పెట్టుకోవాలి అన్నారు. పూత మందు రాశారు. "ఇంకేమన్నా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు. లేవండీ అన్నాను. అప్పటికి నిజంగానే లేవు. ఆ తర్వాత వచ్చాక కూడా అదే జవాబు చెప్పాను, అలవాటైపోయి.

మిల్లులో సెలవు అడగడానికి కారణం కావాలి కదా. తెనాలిలో మా పెద్దమ్మ కూతురికి బాగోలేదని చెప్పాను. అలా ఆవిడ పదకొండేళ్ళు మంచంలోనే ఉంది. ఓనరుగారు మంచి మనిషి, ప్రతిసారీ "ఎలా ఉందయ్యా మీ అక్కకి?" అని అడిగేవారు. "అలాగే ఉందండి" అనేవాణ్ణి. ఆవిడ మాత్రం నిక్షేపంగా ఉండి, ఆ పదకొండేళ్ళలో ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసింది.

రోహిణీ కార్తెలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాణ్ణి. ధాన్యం దుమ్ము పడదని చెప్పేవాణ్ణి. ఊళ్ళో అందరూ నమ్మారు. ఈ దుమ్ములోనే పుట్టి పెరిగినవాడికి దుమ్ము ఎందుకు పడదో ఒక్కడూ అడగలేదు.

తర్వాత అది అరచేతుల్లోకి వచ్చింది.

అరచేతికి చొక్కా తొడగలేం. తోలు మందమై పగుళ్ళు వేసింది, అంచుల్లో పొరలు లేచాయి. ధాన్యం నలిపితే పగుళ్ళలో ఊక గుచ్చుకొని కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సరే, నొప్పి నాదే కదా, ఓర్చుకున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన మచ్చు తెచ్చాడు. నలిపి, చూసి, ధర చెప్పి, మిగతా గింజలు ఆయన సంచిలో పోయబోయాను. ఆయన సంచి మూతి చటుక్కున మూసేశాడు.

"అందులో పోయమాకండి" అన్నాడు. "అటు పారెయ్యండి. ఏమీ అనుకోమాకండి."

ఏమీ అనుకోలేదని చెప్పాను. అది అబద్ధం. నాకు అవమానంతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ రోజు నుంచి నేనే అడక్కుండా గింజలు నేల మీద పోసేవాణ్ణి. మా మిల్లు దగ్గర కోళ్ళు ఆ ఏడు బాగా బలిశాయి.

ఇంకో రెండేళ్ళకి వేళ్ళు. పొద్దున్నే లేచేసరికి కొయ్యబారిపోయి ఉండేవి. పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకోవడం రాదు. గంటసేపు వేన్నీళ్ళలో పెట్టుకుంటే కదిలేవి. మడమలు నేలకి ఆనితే మేకు దిగినట్టు ఉండేది. ఒకరోజు కుడి చూపుడు వేలు మొదలు నుంచి చివరిదాకా వాచి చక్రకేళి అరటిపండులా అయింది. పాతికేళ్ళుగా ధాన్యం నలిపీ నలిపీ అరిగిపోయిందనుకున్నాను. భయం వేసింది. ఈ పని మానెయ్యమంటారేమోనని ఆరు నెలలు ఎక్కడికీ వెళ్ళలేదు. వేలు మాత్రం నా కోసం ఆగలేదు.

చివరికి బాపట్ల వెళ్ళాను, ఎముకల డాక్టరు దగ్గరికి. తెనాలి ఎందుకు వెళ్ళలేదంటే, తెనాలి చర్మానిది. ఎముకలకి ఇంకో ఊరు ఉండాలి. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఇంట్లో గోడ పగిలితే తాపీ మేస్త్రీని పిలుస్తాం, ఫ్యాను తిరగకపోతే కరెంటాయన్ని పిలుస్తాం. తాపీ మేస్త్రీకి ఫ్యాను సంగతి చెప్పుకొని ఏడుస్తామా?

బాపట్ల డాక్టరు వేళ్ళు నొక్కి చూసి, "ఒంటి మీద మచ్చలుగానీ, పొట్టు రాలడంగానీ ఏమన్నా ఉందా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

"చేతుల మీద ఇదేంటి?"

"ఊక ఒరుపండి. మిల్లులో పని."

"చొక్కా ఒకసారి పైకి మడవండి, మోచేతులు చూస్తాను."

"మోచేతులు బానే ఉన్నాయండి, వేళ్ళే" అన్నాను, కొంచెం కటువుగానే. ఎముకలకని వచ్చినవాణ్ణి చొక్కా విప్పమంటారేంటని చిర్రెత్తుకొచ్చింది. ఆయన నా మొహం చూసి, నొప్పికి మాత్రలు రాసి, రక్త పరీక్ష చేయించుకొని మళ్ళీ రమ్మన్నారు. మాత్రలు కొన్నాను. మళ్ళీ వెళ్ళలేదు.

బాపట్లలోనే బస్టాండులో ఎవరో పెద్దమనిషి పక్కన కూర్చొని ఇంకెవరికో చెబుతుంటే విన్నాను, సూర్యలంకలో సముద్ర స్నానం చేస్తే చర్మం జబ్బులన్నీ ఎగిరిపోతాయని. జనం ఉండని మంగళవారం చూసుకొని తెల్లారేసరికి వెళ్ళాను. చొక్కా విప్పి నీళ్ళలో దిగాను. పగుళ్ళలోకి ఉప్పునీరు దిగేసరికి కాలినవాడిలా కేక పెట్టి బయటికి పరిగెత్తాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఇద్దరు లేచి నిలబడి, "ఏమైంది బాబాయ్, ఏమన్నా కరిచిందా?" అని అడిగారు. కరిచిందన్నాను. ఏం కరిచిందో వాళ్ళిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.

అసలు ఘనకార్యం ఇంకా చెప్పలేదు. రేపల్లెలో ఒక మందుల షాపాయన నా వేలు చూసి జాలిపడి, చిన్న తెల్ల మాత్ర ఇచ్చాడు. "పొద్దున్నే టిఫిన్ తిని ఒకటి వేసుకోండి, వారంలో పరిగెడతారు" అన్నాడు. పరిగెత్తాను. పదిరోజుల్లో వేళ్ళు వంగాయి, మడమ నొప్పి పోయింది. అంతేనా, అరచేతులు నున్నబడ్డాయి, మోచేతుల మీద బిళ్ళలు కూడా మాయమైపోయాయి. ధాన్యం నలుపుతుంటే పెళ్ళికొడుకులా ఉంది నాకు. కీళ్ళకని వేసుకున్న మాత్రకి చర్మం ఎందుకు తగ్గిందని బుర్ర ఉన్నవాడెవడైనా ఆలోచిస్తాడు. నేను మాత్రం షాపాయన చేతివాసి మంచిదనుకున్నాను.

మూడు నెలలకి మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. మా ఆవిడ ఆ మాత్రలు తీసుకెళ్ళి పెంట మీద పారేసింది. ఆమె తప్పు లేదు, అలాంటి స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని మాకెవరూ చెప్పలేదు. పదిహేను రోజులు తిరక్కుండా మెడ నుంచి పాదాల దాకా ఒళ్ళంతా ఎర్రగా తేలింది, వణుకు, జ్వరం. ఓరి నాయనో, ఆ నెల ఎలా గడిచిందో పగవాడికి కూడా వద్దు. తెనాలి డాక్టరు నన్ను చూసి భయపడి ఆసుపత్రిలో పెట్టారు. "ఈ మధ్య ఏమన్నా మాత్రలు వాడారా?" అని మూడుసార్లు అడిగారు. షాపాయనకి చెడ్డపేరు వస్తుందని మూడుసార్లూ లేదన్నాను. నా అంత నమ్మకమైన మనిషి ఆ మందుల షాపుకి ఇంకొకడు దొరకడు.

చివరికి నన్ను పట్టించింది కన్ను.

ఎడమ కన్ను ఎర్రబడింది. కళ్ళకలకనుకుంటే పుసి లేదు. ఎండలోకి చూస్తే లోపల సూది పొడిచినట్టు నొప్పి. నాలుగో రోజుకి గింజ మీద మచ్చ ఉందో లేదో కనిపించడం మానేసింది. చేతులు ఎలాగూ పోతున్నాయి, కళ్ళు కూడా పోతే ఇక మిల్లు గుమ్మం ఎక్కనక్కర్లేదు. తెనాలిలో కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరితే, చూపు సరిగా లేదని మా ఆవిడ వెంట వచ్చింది. అప్పటిదాకా ఆమెని ఏ డాక్టరు ముందుకీ రానివ్వలేదు, ఆసుపత్రిలో పడ్డప్పుడు కూడా. నా అబద్ధాలన్నీ అందుకే అంత శుభ్రంగా నడిచాయి.

ఆ డాక్టరమ్మ చాలా చిన్నపిల్ల. కంట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. లోపలి పొర వాచిందని చెప్పింది. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకొని అడిగింది.

"అంకుల్, పొద్దున్నే నడుం గానీ కీళ్ళు గానీ పట్టేస్తుంటాయా?"

"లేదమ్మా."

"చర్మం మీద ఎక్కడన్నా ఎర్రటి మచ్చలు, పొట్టు రాలడం?"

కంటి డాక్టరుకి నా మోచేతులతో పనేంటి అనుకుంటూ "లేదమ్మా" అనబోయాను.

"ఉన్నాయమ్మా" అంది మా ఆవిడ పక్క నుంచి. "అన్నీ ఉన్నాయి. పదకొండేళ్ళ నుంచి చర్మం, ఆరేళ్ళ నుంచి కీళ్ళు. మడమలు కూడా. గోళ్ళు చూడండి, గుంటలు పడిపోయాయి. మధ్యలో ఏవో తెల్ల మాత్రలు మింగి చావుదాకా వెళ్ళొచ్చారు. చూపించండి" అని నా చొక్కా చేతులు తనే పైకి లాగేసింది.

ఆ గదిలో నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కంట్లో వేసిన చుక్కలకి ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు కనిపించలేదు. అంతవరకు దేవుడు మేలే చేశాడు.

"ఇవన్నీ వేరు వేరు కాదు అంకుల్, ఒకటే జబ్బు" అంది ఆ పిల్ల. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి ఒంటి మీద తిరగబడుతుందట. కొందరికి చర్మంతో ఆగుతుంది, కొందరికి కీళ్ళకీ కంటికీ పాకుతుంది. గుంటూరు నుంచి వారానికోసారి తెనాలి వచ్చే కీళ్ళవాతం డాక్టరుకి చీటీ రాసి ఇచ్చింది.

బయటికొచ్చి మా ఆవిడా నేనూ రైల్వేస్టేషనుకి నడిచాం. బల్ల మీద కూర్చున్నాక మొదలుపెట్టింది.

"పదకొండేళ్ళు టిక్కెట్టు కొనుక్కొని మరీ వెళ్ళి డాక్టర్లకి అబద్ధం చెప్పొచ్చారా? దానికి అంత దూరం ఎందుకు, ఇంట్లో నాకు చెప్పేవి చాలవా?"

"బజారులో తెలుస్తుందని..."

"బజారు మీ వేళ్ళకి వేన్నీళ్ళు పెట్టిందా? బజారు మీ దుప్పటి దులిపిందా రోజూ?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నారు. ఊరుకోవే, అందరూ చూస్తున్నారు అన్నాను. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

కీళ్ళ డాక్టరు దగ్గర జవాబులన్నీ ఆవిడే చెప్పింది. నేను సంతకానికి వచ్చినవాడిలా కూర్చున్నాను. ఆయన నడుం చుట్టుకొలత తీశారు, బీపీ చూశారు, షుగరు, కొవ్వు పరీక్షలు రాశారు. వేళ్ళు చూపించడానికి వస్తే నా బొజ్జ ఎందుకు కొలుస్తున్నారో అర్థం కాలేదు. ఈ జబ్బున్నవాళ్ళకి గుండె జబ్బు, షుగరు వచ్చే ముప్పు మిగతావాళ్ళకంటే ఎక్కువని, అందుకే అవి కూడా కనిపెట్టుకొని ఉండాలని చెప్పారు. షుగరు అప్పటికే గుమ్మం దాకా వచ్చి ఉంది, బీపీ లోపలికే వచ్చేసింది.

"మనసెలా ఉంటోంది?" అని అడిగారు చివర్లో.

ఏ డాక్టరూ అడగని ప్రశ్న. మా ఆవిడ చెబుతుందని చూశాను. అన్నింటికీ జవాబు చెప్పిన మనిషి ఈసారి తల వంచుకొని తన గాజులు చూసుకుంటోంది. బాగానే ఉందండి అందామనుకున్నాను. పాతికేళ్ళుగా గింజల్ని సంచిలో పోసినవాణ్ణి, ఇప్పుడు కోళ్ళకి పోస్తున్నానని చెప్పాలనిపించింది. చెబితే ఆయనకేం అర్థమవుతుంది? నేను ఏడ్చాను. ఆయన లేచి ఫ్యాను కొంచెం పెంచారు.

ఆ తర్వాత ఎక్స్‌రే లైటుకి అడ్డం పెట్టి చూపించారు. చూపుడు వేలి నడిమి కీలుని జబ్బు తినేసింది. ఎముకలు రెండూ అతుక్కుపోయాయి.

"ఇది ఇక వంగదు. మిగతా తొమ్మిదీ కాపాడుకుందాం" అన్నారు.

"నాలుగేళ్ళ కింద వచ్చుంటే?" అని అడిగింది మా ఆవిడ.

ఆయన ఎక్స్‌రే లైటు ఆపేశారు. నాకు జవాబు తెలిసిపోయింది. బాపట్లలో చొక్కా పైకి మడవమన్నప్పుడు నా వేలు ఇంకా వంగుతోంది.

వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్రలు రాశారు, పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదని నాలుగుసార్లు చెప్పారు, నాకు కాదు, మా ఆవిడకి. నాతో చెప్పి లాభం లేదని ఆయనకి మొదటి రోజే తెలిసింది. పరీక్షలకి నెల నెలా రక్తం ఇచ్చాను. కన్ను తేరుకుంది. నాలుగైదు నెలలకి వేళ్ళు పొద్దున్నే కదలడం మొదలుపెట్టాయి, అరచేతులు చాలావరకు చదునయ్యాయి. పూర్తిగా కాదు. చలికాలం మళ్ళీ కొంచెం తిరగబడతాయి.

ఓనరుగారికి నేనే వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విని, చాలాసేపు ఆలోచించి, "మరి మీ అక్క?" అన్నారు. ఆవిడ బాగానే ఉందండి అన్నాను. అమ్మయ్య అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకొని చూసి, మిషను మీదున్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు తేమ మిషనులో చూస్తాం. గింజ మాత్రం నేనే నలుపుతాను. చూపుడు వేలు అడ్డం వస్తుంది కాబట్టి మణికట్టు దగ్గరి అరచేతి మొదలుతో నలపడం నేర్చుకున్నాను. ఒకసారి నలిపేదానికి రెండుసార్లు పడుతోంది. పనైతే ఉంది.

మొన్న వేసవిలో దాళవా పంట ధాన్యం వచ్చే రోజుల్లో ఒకతను మచ్చు తెచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నాకు కొత్త. మాడిపోయే ఎండ, ఒంటి మీద పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీ పెట్టి ఉంది. సంచికి కట్టిన ముడి వేళ్ళతో విప్పలేక పళ్ళతో లాగాడు. గోళ్ళ వైపు చూశాను. సూదితో గుచ్చినట్టు గుంటలు.

"తమ్ముడూ, పొద్దున్నే వేళ్ళు పట్టేస్తున్నాయా?" అన్నాను.

"అబ్బే, లేదండి. పొలం పని కదండి, మామూలే."

"మోచేతుల మీద?"

"ఏమీ లేదండి" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏ ఊళ్ళో చూపిస్తున్నావు?"

అటూ ఇటూ చూశాడు. మిల్లులో ఎవరూ దగ్గర్లో లేరు. "పొన్నూరండి" అన్నాడు మెల్లగా. "మా ఊరివాళ్ళు అటు రారండి."

"కీళ్ళ సంగతి ఆయనకి చెప్పావా?"

"చర్మం డాక్టరుకి కీళ్ళెందుకండి?"

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అతని మీదో, నా మీదో చెప్పలేను. "గుప్పిట ముయ్యి" అన్నాను గదిమినట్టు. బిత్తరపోయి మూశాడు. వేళ్ళు వాచి ఉన్నా అన్నీ మూసుకున్నాయి. పక్కనే నా కుడి గుప్పిట మూసి పెట్టాను. నాలుగు వేళ్ళు లోపలికి పోయి, చూపుడు వేలు మాత్రం బిరుసుగా అతని గుండెల మీదికి చూపిస్తూ నిలబడింది.

"నీవి ఇంకా మూసుకుంటున్నాయి. నాది మూసుకునే రోజుల్లో నేనూ ఇలాగే ఏమీ లేదండి అన్నాను" అని చెప్పాను.

అతను నా వేలు వంకే చూశాడు. తర్వాత చెయ్యి ముందుకు చాపి, ఇంకో చేత్తో మణికట్టు దగ్గర గుండీ విప్పుకోబోయాడు. రాలేదు. నేను సాయం పట్టాను. అతని వేళ్ళు తిరగవు, నా వేలు వంగదు. ఆ ఒక్క గుండీ ఊడటానికి మా ఇద్దరికీ చాలాసేపు పట్టింది.